అయిదు దాటాక వచ్చే పురుగు

చినమల్లేరు వంగ పరిశోధన కేంద్రంలో వంకాయలు మాయమవడం కొత్త సంగతేమీ కాదు. కేంద్రం పెట్టిన నాటినుంచీ మాయమవుతూనే ఉన్నాయి. అందుకు కారణం ఒక పురుగు అని తేలడం ఒక్కటే కొత్త.

అంతకుముందు దానికి పేరే లేదు. సాయంత్రం అయిదు కాగానే సిబ్బంది అంతా పొద్దున్న అన్నం తెచ్చుకున్న క్యారేజీలు చేత పట్టుకుని, గేటుకి పోయే సిమెంటు రోడ్డు వదిలేసి, ప్రయోగ మళ్ళ మధ్య గట్టు మీదుగా ఇళ్ళకి వెళ్ళేవారు. అటు గాలి బాగుంటుందని చెప్పుకునేవారు. అన్నం తిన్నాక తేలిక కావలసిన క్యారేజీ మరింత బరువెక్కి ఇంటికి చేరేది. ఒకరి క్యారేజీ సంగతి ఒకరు ఎత్తేవారు కాదు. గుమాస్తాల దగ్గర్నుంచి డైరెక్టరు గారి బంగళాకి కూరలు మోసే బంట్రోతు దాకా అందరిదీ అదే దారి. మర్యాదస్తులు నలుగురు కలిసి ఒక పని చేస్తుంటే దాన్ని ఆనవాయితీ అంటారు గానీ ఇంకో మాట అనరు.

డాక్టర్ హైమావతికి ఈ ఆనవాయితీ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఊరుకునేది. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించేది కూడా. ఎందుకంటే వాళ్ళు కోసుకుపోయే మడిలో ఉన్న వంగ ఆవిడ చేతుల మీదుగా పుట్టింది. తను పుట్టించిన కాయని జనం ఆశపడి ఎత్తుకుపోతుంటే ఏ శాస్త్రవేత్తకి మాత్రం చేదు?

ఆ వంగ పుట్టుక అంత సులువుగా జరగలేదు. వంగతోటకి పెద్ద శత్రువు ఒక సన్న పురుగు. ముందు లేత మొవ్వులో దూరుతుంది, తర్వాత కాయలో దూరుతుంది. అడవిలో దొరికే ఒక వంగకి కొమ్మల నిండా ముతక నూగు ఉంటుంది. ఆ నూగు మీద పురుగు పిల్ల నడవలేక జారి కింద పడుతుంది. అయితే ఆ అడవి వంగ కాయ మనిషి నోట పెట్టలేనంత చేదు. హైమావతి లంకల్లో పండే గుత్తి వంకాయని ఆ అడవి వంగతో కలిపి, పుట్టిన మొక్కల్లో మంచివాటిని ఏరి, వాటిని మళ్ళీ గుత్తి వంకాయతోనే కలుపుతూ ఏళ్ళకేళ్ళు ఎండలో నిలబడింది. నూగు రావాలి, చేదు రాకూడదు. కానీ సంకరం చేస్తే మనం కోరిందే వస్తుందని ఎవరూ పూచీ పడరు. ఒక ఏడు నూగూ చేదూ రెండూ వచ్చేవి. ఒక ఏడు రెండూ పోయేవి. ఒక ఏడైతే నూగు పోయి చేదు మాత్రం మిగిలింది. ఆ ఏడు ఆవిడ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. చివరికి ఎలాగైతేనేం, కొమ్మ నిండా నూగు, కాయలో వెన్నలాంటి కండ ఉన్న మొక్క ఒకటి దొరికింది. దాని సంతానానికి మల్లేరు గుత్తి అని పేరు పెట్టుకుంది. దానికీ పురుగు పట్టేది, పదింట ఒక కాయ పుచ్చేది. మందు కొట్టకుండానే మిగతా తొమ్మిదీ నిలిచేవి. పుచ్చిన ఆ ఒక్కటీ పురుగు వాటా అని ఆవిడ ఒప్పుకునేది. రెండేళ్ళలో రైతుల చేతికి విత్తనం ఇవ్వాలని ఆవిడ పట్టుదల.

ఇంతలో రాజధానిలో ఒక విందు జరిగింది. ఆ విందులో ఒక పెద్ద మనిషి విస్తట్లో, వంకాయ కూరలో, ఉడికిన పురుగు కనిపించింది. పురుగుకి ఏం కాలేదు, అది అప్పటికే పోయింది. పెద్ద మనిషికి మాత్రం కోపం వచ్చింది. వారం తిరక్కుండా రాష్ట్రంలోని పరిశోధన కేంద్రాలన్నిటికీ ఒక ఉత్తర్వు అందింది.

"ఇందుమూలముగా యావన్మంది శాస్త్రజ్ఞులకు తెలియజేయడమేమనగా, ప్రయోగ మడియందు కాసిన కాయలకును, తూకమునకు వచ్చిన కాయలకును గల వ్యత్యాసము యావత్తు కీటక నష్టముగా పరిగణింపబడును. అట్టి నష్టము అయిదవ వంతుకు మించినచో సదరు రకమును సమూలముగా పెకలించి, విత్తన సహితముగా దహనము చేయవలెను."

హైమావతి దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వు ఆగిపోయింది. మడిలో కాసిన కాయలెన్నో ఆవిడకి తెలుసు. తూకానికి వచ్చే కాయలెన్నో కూడా తెలుసు. మధ్యలో పోయేవి ఏ దారిన పోతున్నాయో అంతకంటే బాగా తెలుసు.

ఆ నెల సమీక్షా సమావేశంలో డైరెక్టరు పరాంకుశం గారు అంకెలు చదివారు. మనిషి ఎప్పుడూ ఉత్తర్వు భాషలోనే మాట్లాడతారు. ఇంట్లో మజ్జిగ కావాలన్నా 'తక్షణమే మంజూరు చేయవలసింది' అంటారని వాళ్ళావిడే చెబుతుంది. మల్లేరు గుత్తి మడిలో మూడింట రెండు వంతుల కాయలు లేవని, ఇంత బలహీనమైన సంకరాన్ని కేంద్రం చరిత్రలో ఎన్నడూ ఎరగమని ఆయన విచారం వెలిబుచ్చారు. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళంతా కూడా విచారపడ్డారు. విచారపడుతూ కాళ్ళ దగ్గరున్న క్యారేజీలని ఎవరికి వారు కుర్చీ కిందికి జరుపుకున్నారు.

హైమావతి లేచి నిలబడింది. చెప్పవలసిన మాట నోటి దాకా వచ్చింది. తలుపు దగ్గర ఫీల్డు పనులు చూసే సత్తిపండు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మనుషులు పట్టుకుపోతున్నారని ఒక్క మాట అంటే అది ప్రభుత్వ సొమ్ము దొంగతనం అవుతుంది. విచారణ వస్తుంది. విచారణ ఎప్పుడూ కిందనుంచి మొదలై, పైకి రాకముందే అలిసిపోతుంది. సత్తిపండు పట్టుకెళ్ళేది గుప్పెడు కాయలు, బంగళాకి వెళ్ళేది బుట్టెడు. ఉద్యోగం పోయేది మాత్రం సత్తిపండుది. ఆవిడ ఆ మాట మింగేసింది.

పురుగు పట్టిన కాయ పుచ్చయినా మడిలోనే ఉండాలి కదా, ఇక్కడ కాయలే లేవేమని మాత్రం అడిగింది.

అప్పుడు కీటక శాస్త్రవేత్త ఫణిభూషణం గారు లేచారు. ఆయనతో చదువుకున్న వాళ్ళందరి పేరు మీదా ఒక్కొక్క పురుగు ఉంది. ఆయన పేరు మీద ఇంతవరకు దోమ కూడా లేదు. ఆ లోటు ఆయన్ని చాలా కాలంగా తినేస్తోంది.

"అదేనండీ విశేషం," అన్నారాయన. "కాయ తొలిచే పురుగు మనకి పాతది. ఇది కాయని ముచ్చికతో సహా కోసుకుపోయే పురుగు. లోకంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు."

ఎవరూ చూడలేదన్న మాట మాత్రం అక్షరాలా నిజం. బల్ల చుట్టూ ఉన్న ప్రాణాలన్నీ ఒక్కసారి కుదుటపడ్డాయి. పరాంకుశం గారు ఆ కీటకాన్ని తక్షణమే గుర్తించవలసిందని ఆదేశించారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ముచ్చికకోత పురుగు ఆ విధంగా గుడ్డు, పిల్ల, గూడు అనే దశలేవీ లేకుండా నేరుగా తీర్మానంలోంచి పుట్టింది.

ఫణిభూషణం గారు దాని జీవిత చరిత్ర అధ్యయనం చేయడానికి నడుం కట్టారు. ఆయన నిజంగానే కష్టపడ్డారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈ పురుగు పొద్దుటిపూట కదలదనీ, సాయంత్రం అయిదు దాటాక చురుగ్గా ఉంటుందనీ మొదట తేల్చారు. ఆదివారాలూ, పండగ సెలవులూ దీనికి పూర్తి విశ్రాంతి. వాన పడితే రాదు. పుచ్చు కాయల్ని ముట్టదు. గుత్తి కూరకి సరిపడే లేతకాయల్ని, అన్నీ ఒకే సైజులో ఏరుకుంటుంది. నెలాఖరుకి దీని ఆకలి పెరుగుతుంది. కార్తీక మాసంలో అయితే ఉధృతి చెప్పనలవి కాదు. చంద్రుడి కళలకీ దీని ఆకలికీ ఏదో సంబంధం ఉందని ఆయన రాశారు. కార్తీకంలో ఊరు ఊరంతా నీచు మానేస్తుందన్న సంగతి కీటక శాస్త్రం పరిధిలోకి రాదు కాబట్టి ఆయన ఆ జోలికి పోలేదు.

పై ఆఫీసు వాళ్ళు మురిసిపోయి ప్రాజెక్టు మంజూరు చేశారు. ప్రాజెక్టుతో పాటు ఒక జీపు, మడికి రాత్రీ పగలూ కాపలా కాయడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. కాపలా పెట్టాక ఉధృతి ఇంకాస్త పెరిగింది. కొత్తగా వచ్చిన వాళ్ళకీ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి మరి.

తర్వాత ఎర పరీక్ష పెట్టారు. ప్రతి పురుగూ ఏదో ఒక వాసనకి వస్తుంది, దీన్ని రప్పించే వాసన ఏదో కనిపెడితే పట్టుకోవచ్చని ఫణిభూషణం గారి ఆలోచన. బెల్లప్పాకం పెట్టారు, పులిసిన కల్లు పెట్టారు. కల్లు కుండ ఖాళీ అయింది గానీ వంకాయలు పోలేదు. చివరికి క్యాంటీన్ నుంచి స్టవ్వు తెప్పించి, గట్టు మీద నూపప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు దోరగా వేయించారు. ఆ వాసన సిమెంటు రోడ్డు దాటి ఆఫీసు గదుల్లోకి వెళ్ళింది. ఆ సాయంత్రం మడిలో ఒక్క పిందె మిగల్లేదు. ఫణిభూషణం గారు ఆనందంతో చేతులు రుద్దుకున్నారు. ఆ పరీక్షా ఫలితాన్ని ఆయన కూడా ఇంటికి పట్టుకెళ్ళారు.

ఇదంతా చూస్తూ హైమావతి ఎంతకాలం ఊరుకుంటుంది? పై ఆఫీసు నుంచి దహనం ఎప్పుడని అడుగుతూ రెండో తాఖీదు రాగానే ఆవిడ నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. మధ్యాహ్నం వేళ. పరాంకుశం గారి బల్ల మీద క్యారేజీ విప్పి ఉంది. పై గిన్నెలో నాలుగు పక్షాలుగా చీరి కారం కూరిన వంకాయలు నూనెలో మెరుస్తున్నాయి. కండ తెల్లదనం చూడగానే ఆవిడ గుర్తుపట్టింది. సొంత బిడ్డని జాతర్లో చూసినంత స్పష్టంగా గుర్తుపట్టింది.

"సార్, ఆ పురుగెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు," అంది.

పరాంకుశం గారు గిన్నె మీద మూత పెట్టారు.

"డాక్టరు గారూ, మానవ ప్రమేయం ఉన్నదని మీరు రాతపూర్వకంగా తెలియజేసినచో, నేను విచారణకు ఆదేశించవలసి ఉంటుంది. ప్రథమముగా ఫీల్డు సిబ్బంది సస్పెన్షను. మీకు సమ్మతమేనా?"

ఆయనే గొంతు తగ్గించి, రకాన్ని కాపాడుకోవడానికి ఒక మార్గం ఉందన్నారు. మల్లేరు గుత్తికి నిరోధక శక్తి లేదు కాబట్టి, ఉన్నదానితో సంకరం చేసి ముచ్చికకోత పురుగు ముట్టని కొత్త రకం తీయాలి. అది వచ్చేదాకా దహనం వాయిదా వేయిస్తారట. నిరోధక శక్తి దేనికుందో ఆయనే కనిపెట్టేశారు కూడా. చేలగట్ల మీద ముళ్ళతో మొలిచే ములక అనే పిచ్చి వంగ. దాని కాయ ఇన్నేళ్ళుగా గేటు పక్కనే కాస్తున్నా, ఈ పురుగు దాన్ని ఒక్కసారి కూడా ముట్టలేదు.

ములక కాయని ఎవరు ముడతారండీ, అది విషం అంది హైమావతి. అదే నిరోధకత అన్నారాయన. దానికి కొమ్మల మీద నూగు సరిగా ఉండదు, ఇన్నేళ్ళు నేను కూడబెట్టిన నూగంతా కలిపిన మొదటి తరానికే పోతుంది, పైగా అసలు పురుగు చేదుకి భయపడే రకం కాదు, వంగ జాతి చేదు తినే పుట్టి పెరిగింది, దానికి చేదు పెడితే పెళ్ళి భోజనం పెట్టినట్టే అని ఆవిడ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. మనిషికి చేదైందల్లా పురుగుకి చేదు కాదు, ఒక పురుగుని ఆపిందల్లా ఇంకోదాన్ని ఆపదు, అది మొక్కల చదువులో మొదటి పాఠం. పరాంకుశం గారు శ్రద్ధగా విని, ఉత్తర్వులో మొదటి పాఠం ప్రస్తావన లేదని చెప్పారు.

హైమావతి ఇంటికెళ్ళి ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు ములక పువ్వు పుప్పొడి తెచ్చి, తన మొక్క పువ్వు మీద తనే అద్దింది. ఇంకొకరి చేత చేయిస్తే మొక్క ఎక్కడ విరుస్తారోనని ఆవిడ బెంగ. వాయిదా అయితే దొరుకుతుంది కదా, ఈలోగా పైవాళ్ళకి బుద్ధి రాకపోతుందా అనుకుంది. పాపం, చదువుకున్నావిడ కాబట్టి అలా ఆశపడింది.

కొత్త సంకరం ఏపుగా పెరిగింది. మనిషి నడుం దాకా పెరిగి, గుత్తులు గుత్తులుగా కాసింది. నున్నటి కొమ్మలు, నిగనిగలాడే కాయలు. మొదటి కోతకి ముందు సాయంత్రం అయిదింటికి క్యారేజీలు ఎప్పట్లాగే గట్టు మీదుగా వెళ్ళాయి. మర్నాడు పొద్దున్న సిబ్బందిలో ఎవరి మొహమూ బాగాలేదు. కాపలావాళ్ళలో ఒకడికి నాలుక మొద్దుబారి మాట రాలేదు. ఆ తర్వాత ఆ మడి వంక ఎవరూ కన్నెత్తి చూడలేదు. కాసిన కాయ కాసినట్టే తూకానికి వచ్చింది. తేడా సున్నా.

ఇంత సంపూర్ణమైన నిరోధకత దేశంలో ఎక్కడా నమోదు కాలేదని పరాంకుశం గారు ప్రకటించారు. దానికి 'అజేయ' అని తనే నామకరణం చేశారు. హైమావతి ఒక కాయ కోసి, బల్ల మీద పెట్టి, చాకుతో రెండు చేసింది. లోపల అసలు పురుగులు రెండు బొద్దుగా దొర్లాడుతున్నాయి. ఇంకోటి కోసింది. అందులోనూ ఉన్నాయి. మొవ్వులన్నీ వాలిపోయి ఉన్నాయనీ, ప్రతి కాయా లోపల బోలేననీ ఆవిడ ఫణిభూషణం గారికి చూపించింది.

ఆయన భూతద్దంతో చూసి నిట్టూర్చారు. "నిజమేనండి హైమావతి గారూ. కానీ ఈ పురుగు మా ప్రాజెక్టులో లేదు. మాది ముచ్చికకోత పురుగు. ఇది కాయలోనే ఉండిపోతోంది కాబట్టి తూకంలో కూడా ఏం తగ్గడం లేదు. ఇంకొంచెం పెరుగుతోంది."

విడుదల ఉత్సవానికి రాజధాని నుంచి కమిషనరు గారు వచ్చారు. షామియానా, దండలు, ఉపన్యాసాలు అయ్యాక భోజనాలు. అజేయ వంకాయతో గుత్తి కూర అని పలక మీద రంగు సుద్దతో రాసి పెట్టారు. వంటవాళ్ళు పొద్దున్నే కూర రుచి చూసి, ఒక్క ముక్క ఉమ్మేసి, ఎవరినీ అడక్కుండా బాణలి కాలవలో పారబోసి, పాత మడిలోకి వెళ్ళి మల్లేరు గుత్తి కాయలు కోసుకొచ్చారు. ఆ సంగతి షామియానా కింద ఉన్న అందరికీ తెలుసు, ఒక్క కమిషనరు గారికి తప్ప. ఆయన మారు వడ్డించుకుని తిన్నారు. మూడోసారి కూడా వడ్డించుకుని, కాయని ముచ్చిక దాకా చప్పరించి, సంకరమంటే ఇదీ అని మెచ్చుకున్నారు. ఇంత రుచి ఉండి కూడా పురుగు ముట్టకపోవడం విజ్ఞానం సాధించిన అద్భుతమన్నారు.

హైమావతి ఎదురు బంతిలో కూర్చుని ఉంది. ఆయన తింటుంటే ఆవిడకి గర్వం ముంచుకొచ్చింది. ఇప్పుడైనా చెప్పేద్దామా అనుకునే లోపలే కమిషనరు గారు చెయ్యి తుడుచుకుంటూ, ఇంకా ఆ పాత బలహీనపు రకం మడిలో ఎందుకుంచారని డైరెక్టరు గారిని అడిగారు. అది ఉన్నంతకాలం ఆ పురుగుకి తిండి దొరుకుతుంది కదా అన్నారు. రేపు ఉదయం పదింటికల్లా పీకి తగలబెట్టి, ఆ రకం భూమ్మీద లేదని ధ్రువపత్రం పంపమన్నారు. ఉత్తర్వు మీద అక్కడే సంతకం పెట్టారు. కాగితం మీద వేలిముద్రంత నూనె మరక పడింది.

ఆవిడ లేచి వెళ్ళి విత్తనాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. విత్తనం సీసాలు కూడా అప్పటికే సీలు వేసి పట్టుకుపోయారు. ఇన్నేళ్ళ కష్టం పోతున్నందుకు మాత్రమే కాదు ఆవిడ ఏడుపు. అది బాగుందని ఇంతమందికి తెలుసు, తిన్న ప్రతి నోటికీ తెలుసు, ఆ ఒక్క మాట పైకి అనే నోరు మాత్రం ఒక్కటీ లేకపోయింది. తనది కూడా.

మర్నాడు పొద్దున్న పదింటికి గడ్డపారలు, కిరసనాయిలు డబ్బాతో అందరూ మడి దగ్గర చేరారు. హైమావతి రాకూడదనుకుని కూడా వచ్చింది. చూస్తే మడిలో మొక్కలు లేవు.

ఒక్క మొక్క లేదు. మడి నిండా గుంటలు. పరాంకుశం గారు గట్టు మీద నిలబడి చాలాసేపు ఆ గుంటల్ని చూశారు. ఫణిభూషణం గారు ఒక గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు. చాలామంది గోళ్ళలో మట్టి ఉంది.

హైమావతి ఒక గుంటలో చెయ్యి పెట్టి చూసింది. నేల తడిగా ఉంది. వేరు తెగకుండా, చుట్టూ మట్టిగడ్డ కదలకుండా, లోతుగా తవ్విన గుంట. అది చంపడానికి తవ్విన గుంట కాదు. ఆవిడ తలెత్తి సత్తిపండు వంక చూసింది.

"పురుగు ముందు నీళ్ళెట్టిందండి డాక్టరమ్మ గారూ," అన్నాడు సత్తిపండు, నేల చూపులు చూస్తూ. "నానాక తవ్విందండి. లేపోతే ఏరు తెగిపోద్దని దానికీ తెలుసండి."

పరాంకుశం గారు అక్కడికక్కడే నివేదిక చెప్పి రాయించారు. ముచ్చికకోత పురుగు తన అంతిమ దశలో మొక్కను వేరుతో సహా భక్షించునని, సదరు రకము నూటికి నూరు పాళ్ళు కీటక వాత పడినందున దహనము అవసరము లేకపోయినదని, ఆహారము లేక కీటకము కూడా అంతరించినదని. ఫణిభూషణం గారు ఆ చివరి మాటకి కళ్ళు తుడుచుకున్నారు. ప్రాజెక్టు మూసేస్తారని ఆయన దిగులు.

అజేయ విత్తనం రైతులకి వెళ్ళింది. పంట చేతికొచ్చాక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నలుగురు కాయలు బస్తాలో వేసుకుని కేంద్రానికి వచ్చారు. మనిషి తినడం లేదండి, గేదె తినడం లేదండి, పురుగొక్కటే తింటోందండి అని మొరపెట్టుకున్నారు. పరాంకుశం గారు వాళ్ళని కూర్చోబెట్టి, మీ పొలాల్లో ముచ్చికకోత పురుగు ఒక్కటైనా కనిపించిందా అని అడిగారు. ఆ పేరే ఎప్పుడూ వినలేదన్నారు వాళ్ళు. చూశారా మరి అన్నారాయన. వాళ్ళు బస్తా అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

ధ్రువపత్రం మాత్రం ఇంకా మిగిలిపోయింది. రకం పుట్టించినవాళ్ళు, డైరెక్టరు, ఇద్దరూ సంతకం చేయాలి. ఒక ఆదివారం పొద్దున్న హైమావతి ఆ కాగితం పట్టుకుని క్వార్టర్సు మీదుగా బంగళాకి బయల్దేరింది. మామూలుగా ఆ వైపు రాని మనిషి. మొదటి ఇంటి పెరట్లో, బట్టలారేసే తీగ కింద, ఊదారంగు పువ్వుతో ఒక మొక్క కనబడింది. ఆగింది. ఆకు వెనక నూగు అంతదూరం నుంచే ఆవిడకి తెలిసిపోయింది. రెండో ఇంట్లో డబ్బాలో ఉంది. సత్తిపండు ఇంటి ముందు మూడున్నాయి, మేకలు రాకుండా కంప నాటి ఉంది. ఫణిభూషణం గారి కిటికీ కింద ఉన్నదానికి పాత దోమతెర కట్టి ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, నడిరోడ్డు మీద ఒక్కతే నవ్వుకుంటూ నడిచింది.

బంగళా పెరట్లో పరాంకుశం గారు లుంగీ బనీనులో, చెంబుతో ఒక వంగ మొక్కకి నీళ్ళు పోస్తున్నారు. ఆవిణ్ణి చూసి చెంబు వెనక్కి పెట్టుకున్నారు. దాచడానికి మొక్క చిన్నదేమీ కాదు.

హైమావతి కాగితం చాచింది. 'సదరు రకము భూమండలమున ఎచ్చటను లేదని ధ్రువీకరించడమైనది.' కింద ఆవిడ సంతకం అప్పటికే ఉంది. ఆయన పెరటి గోడ మీద కాగితం ఆనించి సంతకం పెట్టారు. వంగ ఆకు ఒకటి గాలికి వచ్చి కాగితం మీద పడుతుంటే మోచేత్తో పక్కకి తోశారు.

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్ళబోయి, ఆగలేక, మొక్క మొదట్లో మట్టి నొక్కి చూసింది.

"నీళ్ళు మరీ ఎక్కువవుతున్నాయి సార్, వేరు కుళ్ళిపోతుంది. రోజు విడిచి రోజు చాలు. ఈ మొదటి కాయ మాత్రం కొయ్యకండి. ముదిరి పసుపెక్కనివ్వండి, విత్తనం తీద్దాం."

పరాంకుశం గారు అటూ ఇటూ చూశారు. దగ్గరికి జరిగారు. ఆయన నోటివెంట మామూలు తెలుగు రావడం ఆవిడ అదే వినడం.

"అన్నాళ్ళు చెట్టునుంచితే ఉంటుందేంటమ్మా? ఈ క్వార్టర్సులో అందరూ దొంగలే."

"పోతే పోనివ్వండి సార్," అంది హైమావతి. "ఎత్తుకుపోయేవాళ్ళున్నన్నాళ్ళూ దానికేం భయం లేదు."